1987 నుంచి షెడ్డులో ఉన్న 69 జీటీవో కారు కొనొచ్చా? జడ్జ్ అనే స్పెషల్ మోడల్ అంటున్నారు, నమ్మొచ్చా?

ట్రాయ్_తమ్ముడు
మా టీములో పనిచేసే ఒకాయన మేనత్త మిషిగన్‌లోనే లపీర్ అవతల పల్లెలో ఉంటారు. వాళ్ళ పోల్ బార్నులో (స్తంభాల మీద కట్టిన పెద్ద షెడ్డు) 1969 పాంటియాక్ జీటీవో ఉంది. ఆవిడ భర్త 1987లో పెట్టాడు, మళ్ళీ బయటికి తీయలేదు. ఆయన పోయారు. ఆవిడ ఇల్లు అమ్మేసి కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నారు, అందుకని కారు కూడా అమ్మేస్తారట. నారింజ రంగు, డిక్కీ మీద స్పాయిలర్, పక్కన చారలు, ఫెండర్ మీద "ది జడ్జ్" అని స్టిక్కర్. ఆటోమేటిక్ గేర్లు. 28 వేల డాలర్లు అడుగుతున్నారు.

నాలుగు టైర్లూ నేలకి అంటుకుపోయి ఉన్నాయి, లోపల సీటు మీద ఎలుకల గూడు కనిపించింది. బయటి నుంచి చూస్తే మాత్రం బాడీ బాగానే ఉంది. నాకు బ్రేకులు, ఆయిలు, ఆల్టర్నేటర్ లాంటివి సొంతంగా మార్చిన అనుభవం ఉంది, ఇంజిన్ ఎప్పుడూ దించలేదు. గ్యారేజీలో ఒక పక్క ఖాళీ ఉంది, ఇంట్లో ఒప్పుకున్నారు. మొత్తం కలిపి 45 వేలు దాటకూడదని అనుకుంటున్నా. శనివారం వెళ్తే వాళ్ళబ్బాయి కొత్త బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసి చూపిస్తానన్నాడు. ఏం చూడాలి, ఏం అడగాలి, అసలు కొనొచ్చా?

గ్యారేజ్_గోపి
మొదట ఆ అబ్బాయికి ఇప్పుడే ఫోన్ చేసి సెల్ఫ్ కొట్టొద్దని చెప్పండి. మిగతావన్నీ తర్వాత.

అన్నేళ్ళు ఆగిపోయిన ఇంజిన్‌లో సిలిండర్ గోడల మీద ఆయిలు చుక్క ఉండదు. రింగులు తుప్పుతో గోడలకి పట్టేసి ఉండొచ్చు. ఏదో ఒక వాల్వు గైడులో ఇరుక్కుని ఉంటే సెల్ఫ్ కొట్టిన ఒక్క క్షణంలో వాల్వుని తోసే పుష్‌రాడ్ వంగిపోతుంది. బాగుచేసుకోగలిగిన ఇంజిన్‌ని చేతులారా పాడుచేసినట్టే. ట్యాంకులో పెట్రోలు ఈపాటికి జిగురైపోయి ఉంటుంది, అది కార్బొరేటర్‌లోకి లాక్కుంటే ఇంకో పని.

పద్ధతి ఏంటంటే, ఎనిమిది ప్లగ్గులూ తీసి ప్రతి సిలిండర్‌లోనూ కాస్త పల్చటి ఆయిలు పోసి కొన్నాళ్ళు నాననివ్వాలి. తర్వాత క్రాంక్ ముందు బోల్టుకి పొడుగాటి పానా వేసి చేత్తో మెల్లగా తిప్పాలి. కదిలితే సంతోషం. కదలకపోతే బలవంతం చేయొద్దు, ఇంకొంచెం ఆయిలు, ఇంకొన్ని రోజులు. ప్లగ్గు కంతలోంచి దూర్చే చిన్న కెమెరాలు తక్కువ ధరకే వస్తున్నాయి, ఫోనుకి తగిలించుకోవచ్చు. దాంతో గోడల మీద తుప్పు గుంటలున్నాయేమో చూడొచ్చు.

పల్నాటి_పిల్లోడు
ఫోటోలు లేకుండా జీటీవో గురించి పోస్టు పెట్టడం నేరం తమ్ముడూ. వెంటనే పెట్టు.

జార్జియా_జగ్గు
28 వేలు అడిగేది "జడ్జ్" అన్న మాటకే. అది ముందు తేలాలి.

1969లో జీటీవోలు 72,287 తయారైతే వాటిలో జడ్జ్‌లు 6,833 మాత్రమే. అప్పట్లో జడ్జ్ అనేది సుమారు 332 డాలర్ల ఆప్షన్, డబ్ల్యూటీ1 అని కోడు. ఆ ప్యాకేజీలో స్పాయిలర్, చారలు, స్టిక్కర్లతో పాటు 366 హార్స్‌పవర్ రామ్ ఎయిర్ 3 ఇంజిన్ వస్తుంది. మామూలు జీటీవోకి అదే 400 క్యూబిక్ ఇంచుల ఇంజిన్, 350 హార్స్‌పవర్. స్పాయిలర్, స్టిక్కర్లు, నారింజ పెయింటు ఎవరైనా తర్వాత వేయించుకోవచ్చు, లక్షణంగా వేయించుకున్నారు కూడా. నేను కార్ల షోలకి వెళ్ళి చూసిన జడ్జ్‌ల సంఖ్యకీ ఫ్యాక్టరీ తీసిన సంఖ్యకీ పొంతనే ఉండదు.

అదృష్టం ఏంటంటే మీది పాంటియాక్. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ అని ఉంది, అందరూ పీహెచ్ఎస్ అంటారు. విన్ నంబరు (కారు గుర్తింపు నంబరు) ఇచ్చి రుసుము కడితే ఆ కారు ఫ్యాక్టరీ నుంచి ఏయే ఆప్షన్లతో బయటికొచ్చిందో అప్పటి ఇన్వాయిస్ కాపీ పంపుతారు. షెవర్లే వాళ్ళకి ఇలాంటి సుఖం లేదు. ఆ కాగితంలో డబ్ల్యూటీ1 ఉంటే జడ్జ్, లేకపోతే కాదు. దాని మీద వాదన ఉండదు.

విన్ నంబరు అద్దం లోంచి డాష్‌బోర్డు మీద ఎడమ మూల కనిపిస్తుంది. 242తో మొదలవ్వాలి. 237 అయితే అది లెమాన్స్ అనే వేరే పాంటియాక్ మోడల్, జీటీవో వేషం కట్టించారు.

నోవై_లక్ష్మి
నేను పదిహేనేళ్ళుగా కార్ల బాడీ డిజైన్‌లో పనిచేస్తున్నా, ఆ మాట మీద చెప్తున్నా: ఇంజిన్ గురించి అంత టెన్షన్ పడకండి, కిందికి చూడండి. ఇంజిన్ పాడైతే బాగుచేసే షాపులున్నాయి, ఖర్చు ముందే తెలుస్తుంది. తుప్పు అలా కాదు, విప్పేకొద్దీ పెరుగుతుంది.

మిషిగన్ కారు అంటే రోడ్డు ఉప్పు తిన్న కారు. 1969 నుంచి 1987 దాకా ఆయన దాన్ని చలికాలంలో నడిపాడా లేదా అనేది అడగండి. బార్నులో నేల సిమెంటా, మట్టా? మట్టి నేల అయితే ముప్పై ఏళ్ళకి పైగా కింది నుంచి తేమ ఎక్కుతూనే ఉంటుంది. పైన పెయింటు తళతళలాడుతూ ఉంటే కింద ఫ్రేమ్ పొరలు పొరలుగా ఊడిపోతూ ఉంటుంది.

ఈ ఏ-బాడీ (అప్పట్లో జీఎం కంపెనీ చాలా మోడళ్ళకి వాడిన ఒకే రకం బాడీ) కార్లు పాడయ్యే చోట్లు దాదాపు ఒకటే. వెనక అద్దం కింది అంచు, దాన్నుంచి నీళ్ళు కారి డిక్కీ ఫ్లోరు, వెనక చక్రాల వెనకాల కింది బాడీ, ముందు కార్పెట్ కింద కాళ్ళు పెట్టుకునే చోటు, బాడీ ఫ్రేము మీద కూర్చునే రబ్బరు మౌంట్లు, వెనక చక్రాల మీదుగా వంగే ఫ్రేమ్ భాగం. డిక్కీలో మ్యాట్ ఎత్తి టార్చి వేసి చూడండి. పాత స్క్రూడ్రైవర్ తీసుకెళ్ళి ఫ్రేమ్‌ని గట్టిగా పొడవండి, దిగితే ఆ కారు వదిలేయండి. ఒక అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి బాడీ మీద జరపండి, అంటుకోని చోట పుట్టీ ఉన్నట్టు. వినైల్ టాప్ (పైకప్పు మీద అతికించే తొడుగు) ఉందా? ఉంటే దాని కింద నీళ్ళు నిలిచి పైకప్పు తినేసి ఉంటుంది.

ఫ్రిస్కో_రాజు
నేను ఎవరి ఉత్సాహం మీదా నీళ్ళు చల్లాలని కాదు, కానీ లెక్క చెప్పాలి. పూర్తిగా విప్పి, బాడీ షాపులో టింకరింగ్, పెయింటు చేయించి, ఇంజిన్ కట్టించి, సీట్లు కుట్టించి బయటికి తెస్తే 45 వేలు ఎక్కడా చాలవు. మా ఫ్రెండ్ ఒకాయనకి డల్లాస్‌లో ఒక్క బాడీ, పెయింటుకే 30 వేలు పైన అయింది, అదీ షాపు వాళ్ళు ఏడాదికి పైగా కారు పెట్టుకున్నాక. ఆ డబ్బుతో ఎవరో కష్టపడి పూర్తిచేసిన మామూలు జీటీవో కొనుక్కుని రేపే నడపొచ్చు. రిస్టోర్ చేయించిన వాడెప్పుడూ పెట్టిన డబ్బు వెనక్కి తెచ్చుకోలేడు. కొన్నవాడికే లాభం.

గ్యారేజ్_గోపి
రాజు గారూ, డబ్బు కోణంలో మీ మాట కాదనను. కానీ ఆయన అడిగేది పెట్టుబడి గురించి కాదనుకుంటా. నేను 1970 ఓల్డ్స్‌మొబైల్ కట్లస్ కారు ఇంట్లోనే చేసుకున్నా, అదీ ఏ-బాడీయే. మా పిల్లలు అందులోనే పానాలు పట్టడం నేర్చుకున్నారు. రెడీమేడ్‌గా కొంటే కారు వస్తుంది, ఆ పని రాదు. అయితే అన్నీ షాపుకి ఇచ్చేసేటట్టయితే మాత్రం నేను కూడా రాజు గారి పక్షమే.

ఫ్రిస్కో_రాజు
పని మీద ఇష్టం ఉంటే సరే. అప్పుడు కూడా తుప్పు తక్కువున్న కారే కొనాలి, టెక్సస్, అరిజోనా వైపు నుంచి తెప్పించుకున్నా ట్రాన్స్‌పోర్టు ఖర్చు వెల్డింగ్ ఖర్చుకి ఏ మూలకీ రాదు. మిషిగన్ కారుకి మొగ్గు చూపడం ఎందుకు?

పల్నాటి_పిల్లోడు
పాంటియాక్ ఊరి పక్కన ఉంటూ పాంటియాక్‌ని అరిజోనా నుంచి తెప్పించుకోవడమా రాజు గారూ, ఊళ్ళో వాళ్ళు వింటే బాధపడతారు.

ట్రాయ్_తమ్ముడు
అందరికీ ధన్యవాదాలు. అబ్బాయికి చెప్పాను, బ్యాటరీ పెట్టడు. అతను తీసి పంపిన ఫోటోలో విన్ నంబరు 242379పీతో మొదలైంది. వినైల్ టాప్ లేదు. నేల మట్టి కాదు, సిమెంటే, కానీ ఒక మూల నీళ్ళు వచ్చిన మరకలున్నాయి. ఆవిడ చెప్పేదాని ప్రకారం ఆయన చలికాలంలో పికప్ నడిపేవాడు, దీన్ని వేసవిలో మాత్రమే తీసేవాడు. పీహెచ్ఎస్‌కి అప్లై చేశాను.

జార్జియా_జగ్గు
బాగుంది. 2 అంటే పాంటియాక్, 42 జీటీవో, 37 రెండు తలుపుల హార్డ్‌టాప్, 9 అంటే 1969, పీ అంటే పాంటియాక్ ఊళ్ళోని ఫ్యాక్టరీ. కారు పుట్టిన చోటు నుంచి పెద్దగా దూరం పోలేదన్నమాట.

శనివారం ఇంజిన్ ముందు భాగం కూడా తుడిచి చూడండి. ప్యాసింజర్ వైపు హెడ్డు కింద బ్లాకు ముందు అంచున రెండు అక్షరాల కోడు ఉంటుంది. ఆటోమేటిక్‌తో మామూలు 350 హార్స్‌పవర్ అయితే వైఎస్, రామ్ ఎయిర్ 3 ఆటోమేటిక్ అయితే వైజడ్. ఇంకొకటి, 1968 నుంచి బ్లాకు మీద విన్ చివరి అంకెలు కూడా కొట్టేవాళ్ళు, టైమింగ్ కవర్ దగ్గర వెతకండి. అవి డాష్‌బోర్డు నంబరుతో కలిస్తే ఆ కారుతో పుట్టిన ఇంజిన్ అదే. గ్రీజు కింద ఉంటుంది, బ్రేక్ క్లీనరు, పాత టూత్‌బ్రష్ తీసుకెళ్ళండి. ఇసుక కాగితంతో మాత్రం రుద్దొద్దు, అంకెలు పోతే విలువ పోతుంది.

సిన్సినాటి_సుధ
ఎలుకల గూడు అన్నారు కాబట్టి చెప్తున్నా, నేను నర్సుని. చీపురుతో ఊడవడం, వాక్యూమ్ పెట్టడం అస్సలు చేయొద్దు. ఎండిన ఎలుకల రెట్ట, మూత్రం దుమ్ముగా లేస్తే హంటావైరస్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అరుదే, కానీ వస్తే ప్రాణాంతకం. మిషిగన్‌లో కూడా 2021లో వాష్టెనా కౌంటీలో ఒక కేసు తేలింది. బార్ను తలుపులు అరగంట తెరిచి ఉంచి, గ్లవ్స్, ఎన్95 మాస్కు వేసుకుని, ఒక వంతు బ్లీచ్‌కి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి గూడు పూర్తిగా తడిసేలా చల్లి కాసేపు ఆగాక పేపర్ టవల్స్‌తో ఎత్తి సంచిలో కట్టేయండి. సీట్లు, కార్పెట్ ఎలాగూ పోతాయి. పిల్లల్ని ఆ రోజు తీసుకెళ్ళకండి.

గ్యారేజ్_గోపి
సుధ గారు చెప్పింది చాలా ముఖ్యం. ఎలుకలున్నాయంటే వైరింగ్ కూడా కొరికి ఉంటాయి. డాష్ కింద, ఇంజిన్ వెనక గోడ దగ్గర ఇన్సులేషన్ ఊడిన తీగలున్నాయేమో చూడండి. అన్నీ చూసుకునేదాకా బ్యాటరీ తగిలించకండి, తగిలిస్తే కారుతో పాటు బార్ను కూడా తగలబడొచ్చు. కొత్త హార్నెస్‌లు (తీగల కట్టలు) ఒరిజినల్ రంగుల తీగలతో తయారు చేసి అమ్ముతున్నారు, అది పెద్ద సమస్య కాదు.

అలాగే బ్రేక్ షూలు పాత కాలంవి, ఆస్బెస్టాస్ ఉంటుంది. డ్రమ్ము విప్పాక గాలి కొట్టి దుమ్ము లేపొద్దు.

బెజవాడ_బాబ్జి
నేను ఆటోనగర్‌లో పెరిగినవాణ్ణి, నాన్నది టింకరింగ్ షెడ్డు. లక్ష్మి గారు చెప్పిన ప్రతి మాటా కాంటెస్సాకి కూడా వర్తిస్తుంది. మన దగ్గర పాత కాంటెస్సా కొనేవాళ్ళు ఇంజిన్ శబ్దం విని మురిసిపోతారు, నాన్న మాత్రం ముందు డిక్కీ తీసి స్టెప్నీ గుంటలో చెయ్యి పెట్టేవాడు. తడి తగిలితే ఇంక బేరం వద్దనేవాడు. ఒక్క తేడా ఏంటంటే, కాంటెస్సాకి ముక్క రేకు దొరకదు, చేత్తో కొట్టి చేయాల్సిందే. మీ జీటీవోకి డిక్కీ ఫ్లోరు నుంచి క్వార్టర్ ప్యానెల్ (వెనక చక్రం చుట్టూ ఉండే బాడీ రేకు) దాకా అచ్చు పోసిన రేకులు దొరుకుతాయి. అది చాలా పెద్ద అదృష్టం.

కొత్త_హెచ్1బీ
ఇలాంటి కార్లు కొని బాగుచేసి అమ్ముకుంటే హెచ్1బీ మీద సమస్య ఉంటుందా? సైడ్‌గా బాగుంటుంది కదా అని అడుగుతున్నా.

జార్జియా_జగ్గు
ఒక కారు సరదాగా బాగుచేసుకోవడం, ఎప్పుడో అమ్ముకోవడం వేరు. లాభం కోసం వరసగా కొని అమ్మితే అది వ్యాపారం. మీ హెచ్1బీ మీకు స్పాన్సర్ చేసిన ఉద్యోగానికే. దాన్ని లాయర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దు. పైగా డీలర్ లైసెన్సు లేకుండా ఏడాదికి ఇన్ని కార్లే అమ్మొచ్చని రాష్ట్రాలకి పరిమితులుంటాయి.

ఆన్_ఆర్బర్_అనంత్
టైటిల్ (కారు యాజమాన్య కాగితం) సంగతి ఎవరూ అడగలేదు. ఎవరి పేరు మీద ఉంది?

ట్రాయ్_తమ్ముడు
చనిపోయిన ఆయన పేరు మీద. ఒరిజినల్ కాగితం ఉందట, ఆవిడ వెతుకుతున్నారు.

ఆన్_ఆర్బర్_అనంత్
అది దొరక్కుండా ఒక్క డాలరు కూడా ఇవ్వకండి. మిషిగన్‌లో భార్య వారసురాలిగా సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో మరణ ధ్రువపత్రం, వారసుల ఫారం ఇచ్చి ప్రొబేట్ (వారసత్వ వ్యవహారాల) కోర్టుకి వెళ్ళకుండానే టైటిల్ మార్పించుకోవచ్చు, ఆస్తి మీద ప్రొబేట్ నడవకుండా ఉండి, వాహనాల విలువ వాళ్ళు పెట్టిన పరిమితి లోపల ఉంటే. ముందు ఆవిడ పేరు మీదికి మారిపోయాక మీరు కొనుక్కోవడం శుభ్రంగా ఉంటుంది. మీరు టైటిల్ మార్చుకునేటప్పుడు ఆరు శాతం సేల్స్ టాక్స్ కట్టాలి, అది బడ్జెట్లో వేసుకోండి.

కార్‌ఫాక్స్ (కారు చరిత్ర చూపే సర్వీసు) మీద ఆశ పెట్టుకోకండి, 1981కి ముందు కార్లకి పదిహేడు అంకెల విన్ లేదు, అందులో రాదు.

జార్జియా_జగ్గు
మా జార్జియాలో 1985, అంతకు ముందు మోడళ్ళకి టైటిలే ఇవ్వరు, బిల్ ఆఫ్ సేల్, పాత రిజిస్ట్రేషన్ మీదే నడుస్తుంది. అందుకే ఇక్కడి కారు వేరే రాష్ట్రానికి కొనుక్కెళ్ళేవాళ్ళు అక్కడి ఆఫీసులో ముందే అడిగి వెళ్ళాలి. ఏ రాష్ట్రంలో ఉన్నా విన్ ప్లేటు మేకులు తీసి మళ్ళీ కొట్టినట్టు అనుమానం వస్తే అక్కడే ఆగిపోవాలి.

ట్రాయ్_తమ్ముడు
వెళ్ళొచ్చాం. లక్ష్మి గారు చెప్పిన లిస్టు ప్రింట్ తీసి పట్టుకెళ్ళా. ఫోటోలు లింకులో పెట్టాను, పల్నాటి అన్నా నీ కోసం.

ఫ్రేమ్ గట్టిగా ఉంది, స్క్రూడ్రైవర్ ఎక్కడా దిగలేదు. ముందు ఫ్లోరు పైపై తుప్పే. డిక్కీ ఫ్లోరు మాత్రం పోయింది, స్టెప్నీ ఉన్న చోట నేల కనిపిస్తోంది. వెనక అద్దం కింది మూలలు రెండూ పొంగాయి. డ్రైవర్ వైపు వెనక చక్రం వెనకాల అయస్కాంతం అంటుకోలేదు. బ్లాకు మీద వైఎస్ అని ఉంది. విన్ చివరి అంకెలు కలిశాయి.

ఇప్పుడే పీహెచ్ఎస్ కాగితం కూడా వచ్చింది. డబ్ల్యూటీ1 లేదు. జడ్జ్ కాదు. మామూలు జీటీవో, పవర్ స్టీరింగ్, బానెట్ మీద టాకోమీటరు (ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపేది) ఆప్షన్ ఉన్నాయి. ఫ్యాక్టరీ రంగు కూడా ఆకుపచ్చట.

జార్జియా_జగ్గు
బానెట్ టాకోమీటరు! అది మంచి ఆప్షన్. ఒరిజినల్ ఇంజిన్ ఉంది, కాగితాలున్నాయి, ఆకుపచ్చ జీటీవో. దిగులు పడాల్సిన కారు కాదు. ధర మాత్రం 28 కాదు.

పల్నాటి_పిల్లోడు
ఫోటోలు చూశా. ముందు వైపు నుంచి చూస్తే ఇప్పటికీ మనిషిని నిలబెట్టేస్తుంది. వదలకు.

ఫ్రిస్కో_రాజు
ఆ డిక్కీ, వెనక అద్దం పని, క్వార్టర్ ప్యానెల్ కలిపితే 12 దాటి ఇవ్వొద్దు. పీహెచ్ఎస్ కాగితం మీ దగ్గరే ఉంచుకుని తుప్పు మాత్రమే చూపించి బేరమాడండి. జడ్జ్ కాదని తెలిస్తే ఆవిడ కంగారుపడి ఇంకెవరికో చూపిస్తారు.

నోవై_లక్ష్మి
రాజు గారూ, దీనికి నేను ఒప్పుకోను. ఆవిడ అబద్ధం చెప్పలేదు, భర్త చెప్పింది నమ్మారు. కాగితం చూపించాలి. ఇది జడ్జ్ అనుకుని ఆవిడ రేపు ఆన్‌లైన్లో పెడితే ఎవరో నమ్మి కొని తర్వాత ఆవిడ మీదే కేసు వేయొచ్చు. నిజం తెలియడం ఆవిడకి కూడా రక్షణే.

ఫ్రిస్కో_రాజు
కేసు కోణం నేను ఆలోచించలేదు, అది నిజమే. చూపించండి. కానీ ధర విషయంలో మెత్తబడొద్దు.

గ్యారేజ్_గోపి
చూపించడమే కాదు, ఆ కాగితం కాపీ ఆవిడకి ఇచ్చి రండి. కొన్నా కొనకపోయినా. మన పిల్లలకి కూడా ఈ ఊళ్ళల్లో మంచి పేరు ఉండాలి.

ధర గురించి నా మాట: కారు ఎంత తుప్పు పట్టింది అనేదానికన్నా ఎంత పూర్తిగా ఉంది అనేది చూడండి. గ్రిల్, హెడ్‌లైట్ తలుపులు, ఎయిర్ క్లీనర్, డాష్ గడియారాలు, అద్దాల చుట్టూ మెరుపు పట్టీలు అన్నీ ఉన్నాయా? ఇవి ఒక్కొక్కటే కొనడం మొదలుపెడితే డబ్బు చేతుల్లోంచి ఎలా పోయిందో తెలియదు.

ట్రాయ్_తమ్ముడు
అన్నీ ఉన్నాయి గోపి గారూ. ఒరిజినల్ ఎయిర్ క్లీనర్ అటక మీద అట్టపెట్టెలో దొరికింది, స్పాయిలర్ లేని పాత డిక్కీ మూత కూడా, దాని మీద ఆకుపచ్చ పెయింటు అలాగే ఉంది.

కాగితం చూపించాను. ఆవిడ కాసేపు చదివి, తాము పెళ్ళయిన కొత్తలో అది ఆకుపచ్చగానే ఉండేదని, ఆయన 70ల చివర్లో రంగు మార్పించాడని చెప్పారు. జడ్జ్ అంటే ఒక రంగు పేరు అనుకున్నారట ఇన్నాళ్ళూ. కొడుకుతో మాట్లాడి చెప్తానన్నారు.

బెజవాడ_బాబ్జి
పాత డిక్కీ మూత దాచి పెట్టిన మనిషి కారుని బాగా చూసుకునే ఉంటాడు. తీసుకోండి.

ట్రాయ్_తమ్ముడు
14 వేలకి ఒప్పుకున్నారు. టైటిల్ దొరికింది, ఆవిడ పేరు మీదికి మారడానికి అప్లై చేశారు. అది వచ్చాక తెచ్చుకుంటా. బ్రేకులు పట్టేసి ఉన్నాయి కదా, బార్ను నుంచి ఎలా బయటికి లాగాలి? ఇంజిన్ కదిలితే ముందు ఏం చేయాలి?

గ్యారేజ్_గోపి
ట్రైలర్ అద్దెకి తీసుకుని గుంజే ప్రయత్నం చేయకండి. పాత చక్రాలు నాలుగు ఎవరి దగ్గరైనా అడిగి తీసుకెళ్ళి టైర్లు మార్చండి, డ్రమ్ములు సుత్తితో చుట్టూ తట్టి వదులు చేయండి. వదలకపోతే చక్రాల కింద స్కేట్లు పెట్టి, విన్చ్ ఉన్న ఫ్లాట్‌బెడ్ వాణ్ణి పిలవండి. ఎత్తేటప్పుడు జాక్ ఒక్కటే నమ్ముకుని కిందికి దూరొద్దు, స్టాండ్లు తప్పనిసరి.

ఇంజిన్ చేత్తో తిరిగినా వెంటనే స్టార్ట్ చేయొద్దు. ఈ పాంటియాక్ ఇంజిన్లలో క్యామ్ గేరుకి నైలాన్ పళ్ళుంటాయి, శబ్దం రాకుండా అప్పట్లో అలా పెట్టారు. వయసైపోయాక ఆ నైలాన్ పెళుసై విరిగి ముక్కలు ఆయిల్ పాన్‌లో పడతాయి, ఆయిల్ పంపు జల్లెడకి అడ్డం పడితే ఆయిలు అందక బేరింగులు పోతాయి. అందుకని టైమింగ్ కవర్ విప్పి గేర్లు, చైను మార్చి, పాన్ దించి శుభ్రం చేశాకే. అప్పుడే వెనక మెయిన్ సీలు కూడా చూసుకోండి, తాడు సీలు అది, ఎండిపోయి కారుతుంది.

స్టార్ట్ చేసే ముందు డిస్ట్రిబ్యూటర్ పీకి, డ్రిల్లు మిషన్‌కి షాఫ్టు తగిలించి ఆయిల్ పంపుని తిప్పి ఇంజిన్ అంతా ఆయిలు పారించండి. జింక్ ఎక్కువున్న ఆయిలే వాడండి, ఈ పాత క్యామ్‌లు ఇప్పటి మామూలు ఆయిలుతో అరిగిపోతాయి. ట్యాంకు, రబ్బరు గొట్టాలు అన్నీ కొత్తవి.

కొత్త_హెచ్1బీ
పెట్రోల్ ఏది పోయాలి దీనికి? పాత కార్లకి సీసం ఉన్నది కావాలంటారు కదా.

గ్యారేజ్_గోపి
రోడ్డు బళ్ళకి సీసం పెట్రోల్ అమెరికాలో 1996 నుంచే పూర్తిగా లేదు. ఈ ఇంజిన్ కంప్రెషన్ 10.75, కాబట్టి 93 ఆక్టేన్ పెట్రోల్ పోయాల్సిందే, అయినా టక్ టక్‌మంటే టైమింగ్ కాస్త వెనక్కి పెట్టుకోవాలి. హెడ్లు ఎలాగూ మెషిన్ షాపుకి వెళ్తే గట్టి వాల్వు సీట్లు వేయించమనండి.

ఆన్_ఆర్బర్_అనంత్
ఇన్సూరెన్స్ ఇప్పుడే మొదలుపెట్టండి, గ్యారేజీలో విప్పి ఉన్న కారుకి కూడా ఇస్తారు. క్లాసిక్ కార్ల కంపెనీల దగ్గర ముందే ఒప్పుకున్న విలువకి పాలసీ తీసుకోవాలి, మామూలు కంపెనీ అయితే పాత కారు లెక్కలో ఏమీ రాదు. హెచ్ఓఏ (మీ కాలనీ ఇళ్ళ సంఘం) రూల్స్ కూడా చదవండి, నడవని బండి డ్రైవ్‌వేలో కనిపిస్తే నోటీసు పంపుతారు.

మిషిగన్‌లో హిస్టారిక్ ప్లేటు 26 ఏళ్ళు, అంతకు పైబడిన కార్లకి ఇస్తారు. షోలు, పరేడ్లు, క్లబ్ కార్యక్రమాలకే నడపాలి, కానీ ఆగస్టు నెలంతా ఎప్పుడైనా నడపొచ్చు. వుడ్‌వార్డ్ డ్రీమ్ క్రూజ్ (పాత కార్ల పెద్ద ఊరేగింపు) ఆగస్టు మూడో శనివారమే కదా, ట్రాయ్ నుంచి పక్కనే.

పల్నాటి_పిల్లోడు
ఈ ఆగస్టుకా?

ఫ్రిస్కో_రాజు
ఈ ఆగస్టుకి కాదు, వచ్చే ఆగస్టుకి అయినా సంతోషమే. తొందరపెట్టకండి ఆయన్ని.

నోవై_లక్ష్మి
తమ్ముడూ, విప్పే ముందు ప్రతి బోల్టూ ఫోటో తీసి, సంచిలో వేసి పేరు రాయండి. రంగు సంగతి మీ ఇష్టం, నేనైతే ఆకుపచ్చకే వెళ్తా, కాగితంతో కలుస్తుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ముందు బంపర్ రేకు కాదు, ఎండ్యూరా, రబ్బరు లాంటి పదార్థం. దాని మీద పగుళ్ళకి మామూలు పుట్టీ పెట్టే షాపుకి ఇవ్వకండి, నాలుగు నెలల్లో పెచ్చులూడుతుంది. వంగే ఫిల్లర్, పెయింటులో ఫ్లెక్స్ ఏజెంట్ కలిపేవాళ్ళనే వెతకండి. డిక్కీ ఫ్లోరు వెల్డింగ్ మొదలుపెట్టే రోజు చెప్పండి, మా ఆయనకి మిగ్ మిషన్ ఉంది, ఇద్దరం వస్తాం.